గుంట అడుగు మట్టి

ఎనభైల మొదట్లో, పర్చూరుకి అరగంట బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో నేను రెండేళ్లు ఉద్యోగం చేశాను. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు. ఊరికి ఒక సినిమా హాలు, నాలుగు ఎరువుల కొట్లు, కొత్తగా పెట్టిన డిగ్రీ కాలేజీ ఉండేవి. ఆ కాలేజీలో నేను కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్‌ని. పిల్లలచేత ప్రాక్టికల్స్ చేయించడం, మందులు కలిపి సీసాల్లో నింపి పెట్టడం, సాయంత్రం బల్లలు కడిగించి తాళం వేసుకోవడం నా పని.

స్టాఫ్‌రూములో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు మర్యాదస్తులే. నేను లోపలికి వెళితే మాటలాపేసి, మళ్లీ బయటికొచ్చేదాకా పేపరు చదివేవాళ్లు. వాళ్లకి ఇబ్బంది ఎందుకని ల్యాబ్‌లోనే కూర్చుని క్యారేజీ విప్పుకునేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న మిషన్ స్కూల్లో టీచరుగా చేసి, నేను ఎమ్మెస్సీ రెండో ఏడులో ఉండగా పోయాడు. అక్క పెళ్లయి బళ్లారి వైపు వెళ్లిపోయింది. సెలవులిస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియని దాన్ని నేను. దసరా సెలవులకి కూడా ఆ ఊళ్లోనే ఉండిపోయేదాన్ని.

ఆ ఊళ్లో గది దొరకడమే కష్టమైంది. గది చూపించేవాళ్లు, నీళ్ల సదుపాయం చెప్పేవాళ్లు, చివర్లో "మీరేమిటోళ్లమ్మా?" అని అడిగేవాళ్లు. పెదకాకాని దగ్గర పల్లె మాది, చర్చికి వెళ్తాం అని చెప్పేదాన్ని. అంతే, ఎవరో చుట్టాలొస్తున్న సంగతి అప్పుడే గుర్తొచ్చేది వాళ్లకి. వారంరోజులు అలా తిరిగాక ఆదివారం చర్చిలో ఒకావిడ నా పక్కన కూర్చుని, ఆరాధన అయిపోయాక చెయ్యి పట్టుకుంది.

"మా ఇంటి పక్కన రేకుల గది ఉంది. వేసవిలో ఉడుకుతుంది. ఉంటావా?"

ఉంటానన్నాను. ఆరోజే పెట్టె తెచ్చుకున్నాను. ఆమెని వదినా అనీ, ఆమె భర్తని అన్నయ్యగారూ అనీ పిలవడం ఆ సాయంత్రమే మొదలైంది.

వాళ్ల ఇల్లు ఊరి చివర రోడ్డు పక్కన ఉండేది. ముందు భాగంలో అన్నయ్యగారి బ్యాటరీల షాపు. ట్రాక్టర్లవీ, లారీలవీ బ్యాటరీలు తెచ్చి చార్జింగు పెట్టించుకునేవాళ్లు. వెనక దొడ్లో ఇంకో పని జరిగేది. పాడైపోయిన బ్యాటరీలని గొడ్డలితో పగలగొట్టి, లోపలి యాసిడ్ దొడ్డి గోడవారగా పారబోసి, సీసం పలకలు బయటికి తీసేవాడు. వాటిని పంపు కింద కడిగి, ఇనప బాణలిలో కరిగించి, అచ్చుల్లో పోసి గుండ్లు చేసేవాడు. చేపల వలలకి కట్టే సీసం గుండ్లు. చీరాల అవతల సముద్రం ఒడ్డునుంచి మనుషులొచ్చి గోనెసంచుల్లో పట్టుకెళ్లేవాళ్లు. కరిగిన సీసం మీద తెట్టు తీసేసినప్పుడు వెండిలాగా మెరిసేది. సాయంత్రాలు నేను గుమ్మంలో కూర్చుని అది చూస్తుండేదాన్ని. చూడ్డానికి బాగుండేది.

వాళ్లకి నాలుగేళ్ల పాప. సన్నగా, పాలిపోయి ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. పొద్దస్తమానం ఆ దొడ్లోనే ఆడేది, ఆడుకుంటూ వేళ్లు నోట్లో పెట్టుకునేది. అప్పుడప్పుడూ కడుపునొప్పని ముడుచుకుని పడుకునేది. కాలేజీ నుంచి నేను రాగానే నా గదిలోకొచ్చి, ఏమీ అనకుండా నా చాప మీద పడుకుని కళ్లు మూసుకునేది. ఆ పిల్ల అలా వచ్చి పడుకుంటుందని ఆలోచిస్తూనే నేను రోజూ తొందరగా నడిచి వచ్చేదాన్ని. ఆ ఊళ్లో నాకోసం ఎదురుచూసే మనిషి అదొక్కతే.

సీసం ఏం చేస్తుందో ఆ ఊళ్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలిసి ఉండదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఆ దొడ్లో రోజూ చూస్తూ ఒక్కసారి కూడా నాకది తట్టలేదు. అన్నం పెట్టిన ఇంటిని మనం అలాంటి కళ్లతో చూడం.

రోడ్డుకి అవతల, కాస్త పల్లంలో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. నాలుగు గేదెలు మేపుకుని పాలు పోసేది. నేనూ ఆవిడ దగ్గరే పాలు తెచ్చుకునేదాన్ని. పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. గుమ్మం దాటి లోపలికి రమ్మని ఎప్పుడూ అనలేదు గానీ, నాకు జ్వరం వచ్చి రెండ్రోజులు వెళ్లకపోతే మాత్రం పాలు తెచ్చి గోడమీద పెట్టి, "మిరియాలేసుకుని తాగు" అని అరిచి వెళ్లింది.

ఆవిడ ఇంటి వెనక ఒక గుంట. ఎప్పుడో రోడ్డు ఎత్తు చెయ్యడానికి మట్టి తవ్వితే ఏర్పడింది. మా వైపు రోడ్డు పక్క కాలవలో పారే వాన నీళ్లన్నీ రోడ్డు కింద కల్వర్టు దాటి అందులో చేరేవి. గేదెలు అందులోనే తాగేవి, అందులోనే పడుకునేవి.

మొదటి ఏడాది ఎండలు ముదిరేసరికి ఆ గేదెల్లో ఒకటి చచ్చిపోయింది. రెండ్రోజులు మేత ముట్టలేదట, నోట్లో నురగ వచ్చిందట. పెద్దమ్మగారికి పక్క చేను పత్తి రైతు మీద అనుమానం. "గట్టు తగాదా మనసులో పెట్టుకుని గుంటలో ఎండ్రిన్ కలిపాడమ్మా!" అని రోడ్డు మీద నిలబడి తిట్టింది. ఆ రోజుల్లో మా వైపు విషం అంటే పత్తికి కొట్టే ఎండ్రినే. ఆ రైతు కూడా తక్కువవాడు కాదు. "ఒట్టేసి చెప్తున్నా, నీ గేదె జోలికి నేనెందుకొస్తానే!" అని అంతకంటే గట్టిగా అరిచాడు. ఇద్దరూ పంచాయతీకి వెళ్లేదాకా వచ్చింది.

పశువుల డాక్టరు మధ్యవయసు మనిషి, నెమ్మదస్తుడు. మూడో రోజు ఒక సెలైన్ సీసా నిండా గుంట నీళ్లు పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చాడు.

"మేడంగారూ, నాకైతే ఏదో విషంలాగే ఉంది. పైకి పంపిస్తే ఎన్నాళ్లకి చెప్తారో. మీరేమన్నా చూడగలరా?"

పురుగుమందు పట్టుకోవడం మా ల్యాబ్‌లో కాదన్నాను. లోహాలేమన్నా ఉంటే మాత్రం చూస్తానన్నాను. ఆయన వెళ్లాక నాకెంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుంది. ఆ ఊరొచ్చాక నన్నొకరు పనికొచ్చే మనిషిగా అడగడం అదే మొదలు.

ఆ నీళ్లు బురద బురదగా ఉన్నాయి. మంచి అలవాటున్న కెమిస్టు ఏం చేస్తుందో అదే చేశాను. సీసా కదలకుండా రాత్రంతా ఉంచి, పొద్దున్నే పైన తేరిన నీళ్లు మాత్రం మెల్లగా వంపుకున్నాను. అడుగున మిగిలిన వేలెడు బురద సింకులో పోసి సీసా కడిగేశాను. తేరిన నీళ్లలో రాగి, ఆర్సెనిక్, సీసం, పాదరసం, పిల్లలకి సాల్ట్ అనాలిసిస్‌లో నేర్పేవన్నీ వరసగా చూశాను. ఏమీ లేవు.

ఆ సాయంత్రం నేనే స్వయంగా వెళ్లి పెద్దమ్మగారికి చెప్పాను.

"నీళ్లు మంచివేనండి. ఎవరూ ఏం కలపలేదు. తాగించుకోండి."

"నువ్వు చూశావా? నీ కళ్లతో?"

"చూశానండి."

ఆవిడ పత్తి రైతు మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. నాకు ఆ పూట పావుశేరు పాలు ఎక్కువ పోసింది.

తర్వాత నెలరోజుల్లో గుంట బాగా ఇంకిపోయింది. నీళ్లకంటే బురదే ఎక్కువ. గేదెలు అందులోనే దొర్లి, ఆ బురద నీళ్లే పీల్చి తాగేవి. తొలకరికి ముందు ఇంకో గేదెకి జబ్బు చేసింది. ఈసారి నేను చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దానికి ఏమీ కనపడ్డం లేదు. గోడకి పోయి గుద్దుకుంది. రాటకి నుదురు ఆనించి, నెడుతున్నట్టు అలాగే గంటసేపు నిలబడింది. పళ్లు కొరుకుతున్న చప్పుడు రోడ్డు మీదికి వినపడింది. మర్నాటికి పడిపోయింది. నాలుగు రోజులకి మూడోదీ అంతే.

మూడోది పోయినప్పుడు నేను వెళితే పెద్దమ్మగారు గడ్డివాము దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, ఏడవలేదు.

"నీళ్లు మంచివన్నావు గదమ్మా," అంది.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టు అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. పాప వచ్చి తలుపు తట్టినా తియ్యలేదు. అప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది సింకులో నేను పారబోసిన బురద.

మర్నాడు రెండో శనివారం, కాలేజీకి సెలవు. గుంట అడుగునుంచి పాలిథిన్ కవరు నిండా మట్టి తీసుకుని ల్యాబ్ తాళం తెరిచాను. మట్టిని యాసిడ్‌లో మరిగించాను, వడగట్టాను, అందులోని ఇనుమూ సున్నమూ ఒక్కొక్కటే తప్పించాను. మధ్యాహ్నం దాటింది. చివరికి మిగిలిన వేడి ద్రావణంలో పొటాషియం అయొడైడ్ వేసి, టెస్ట్‌ట్యూబు కుళాయి కింద పట్టుకున్నాను. చల్లబడేకొద్దీ అందులో బంగారు రంగు రేకులు పుట్టాయి. సన్నగా, తళతళా మెరుస్తూ మెల్లగా కిందికి దిగాయి. బీఎస్సీ చదివిన వాళ్లందరికీ తెలుసు అవేమిటో. ప్రతి ఏడూ పిల్లలు అవి వస్తే "మేడం, స్పాంగిల్స్!" అని ఎగిరి గంతేసేవాళ్లు. ఆ ఖాళీ ల్యాబ్‌లో నేనొక్కదాన్నే నిలబడి వాటిని చూశాను. సీసం.

సీసం నీళ్లలో కరిగిపోయే రకం కాదు. అందులోనూ మా నల్లరేగడి బంక మట్టి, సున్నపు గులకలున్న మట్టి, దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కిందికి దిగనివ్వదు, నీళ్లలో కలవనివ్వదు. కానీ వాన పడి నీళ్లు పారినప్పుడు ఆ మట్టే కొట్టుకుపోతుంది, దాంతో పాటు సీసమూ పోతుంది. నీళ్లు ఎక్కడ నిలబడితే అక్కడ అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లలో వెతికితే ఎలా దొరుకుతుంది? పుస్తకంలో ఉన్న ముక్కే ఇది. నేను చదివిన ముక్కే.

ఇక ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ఆదివారం చర్చి అయ్యాక గుంట దగ్గర మొదలుపెట్టి, రోడ్డు పక్క కాలవ వెంట పైకి నడిచాను. ప్రతి యాభై అడుగులకీ పిడికెడు మట్టి తీసి కవర్లో వేసి, పెన్సిలుతో కాగితం ముక్క మీద అంకె రాసి పెట్టాను. అయిదో కవరు కట్టేసరికి తలెత్తి చూస్తే ఎదురుగా మా రేకుల కప్పు కనపడింది. ఇంకా పరీక్ష చెయ్యకముందే నాకు తెలిసిపోయింది. మిగతావి తియ్యకుండా వెనక్కి వెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు. తీశాను. చివరి కవరు దొడ్డి గోడ కింద, తూము బయటికొచ్చే చోట తీశాను. గోడ అవతల వదిన అంట్లు తోముకుంటూ పాటేదో పాడుకుంటోంది.

సోమ, మంగళవారాలు పరీక్షలకొచ్చిన పిల్లలు వెళ్లిపోయాక అన్నీ చూశాను. గుంట నుంచి పైకి వచ్చేకొద్దీ రేకులు చిక్కబడ్డాయి. చివరి కవరు మట్టికి టెస్ట్‌ట్యూబు సగం పసుపు ముద్ద అయిపోయింది.

రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. వాళ్లతో కూర్చుని అన్నం తిన్నాను. మూడో రోజు అన్నం తింటుంటే అన్నయ్యగారి కుడిచెయ్యి మీద నా చూపు పడింది. మణికట్టు దగ్గరనుంచి వేలాడిపోయి ఉంది. ముద్ద ఎత్తడానికి ఎడంచేత్తో కింద ఊతం పడుతున్నాడు.

"ఆ చెయ్యికేమైంది అన్నయ్యగారూ?"

"బరువులెత్తీ ఎత్తీ నరం పట్టేసింది. మూడు నెలల్నుంచీ అంతే," అన్నాడు నవ్వుతూ.

అప్పుడు చెప్పేశాను. అంతా ఒక్కసారే చెప్పాను, ఎక్కడా ఆగలేదు. గేదెల సంగతి, మట్టి సంగతి, కవర్ల సంగతి, ఆ చెయ్యి సంగతి, పాప కడుపునొప్పి సంగతి.

ముందు వదినే అంది. "అంటే, మా ఇంట్లో ఉంటూ మా గోడకింద మట్టి తీసి పరీక్షలు చేశావన్నమాట."

"వదినా, నేను..."

"ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

అన్నయ్యగారు ఆమెని ఆగమన్నాడు. "పదేళ్లబట్టీ చేస్తున్నానమ్మా ఈ పని. ఇదొక్కటే వచ్చు నాకు. దీంట్లో విషముంటే నేనీపాటికి పోవాలిగా?" అన్నాడు. అని, తన చెయ్యి తనే చూసుకున్నాడు. ఎత్తబోయాడు. లేవలేదు.

ఆ వారమే గుంటూరు వెళ్లాం, నలుగురమూ. బ్రాడీపేటలో నరాల డాక్టరు దగ్గర గంటన్నర కూర్చున్నాం. డాక్టరుగారు చెయ్యి చూశాడు. తర్వాత నోరు తెరవమని, పై పెదవి పైకెత్తి టార్చిలైటు వేశాడు. చిగుళ్ల అంచున సిరాతో గీసినట్టు నల్లటి నీలం గీత.

"ఏం పని చేస్తారు?"

"బ్యాటరీలండి."

"సీసం కరిగిస్తారా?"

వదిన నావైపు తిరిగింది. ఆ చూపులో కోపం పోయి, భయం వచ్చింది. అప్పటిదాకా నా మాట తప్పయి ఉంటుందని ఆమె ఆశపడింది కాబోలు. నేనూ ఆశపడ్డాను.

డాక్టరుగారు పాపనీ చూశాడు. రక్తం బొత్తిగా లేదన్నాడు. "ఒంట్లో సీసం ఎంతుందో, రక్తం మద్రాసు పంపిస్తే గానీ అంకె తెలీదు. అంకె వచ్చేదాకా ఆగొద్దు. ముందు ఆ పని మానెయ్యండి, పిల్లని ఆ ఇంట్లోంచి తీసేయండి. ఇద్దరినీ కొన్నాళ్లు ఇక్కడ ఉంచి సూదులివ్వాలి," అన్నాడు. ఇల్లు సర్దుకుని వారంలో వచ్చి చేరతామని చెప్పి బయల్దేరాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాప నా ఒళ్లోనే నిద్రపోయింది. వదిన వద్దనలేదు.

తర్వాత అన్నీ త్వరత్వరగా జరిగాయి. అన్నయ్యగారు దొడ్లో పొయ్యి పగలగొట్టేశాడు. షాపు మూసి, గుంటూరులో సూదులు వేయించుకుని, అటునుంచి బాపట్ల అవతల వదిన పుట్టింటికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. సామాను బండికెత్తే రోజు వదిన నా గదిలోకొచ్చి గోడకానుకుని నిలబడింది.

"నువ్వు రాకపోతే మాకీ సంగతి తెలిసేది కాదు," అంది. గుమ్మం వైపు తిరిగి, "నువ్వు రాకపోయినా బాగుండేది," అంది. రెండూ నిజమే. పాపని ఎత్తుకుని బండి దగ్గరికి వెళ్లిపోయింది. పాపకి ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. నన్ను కూడా ఎక్కమని చెయ్యి ఊపింది.

గది మాత్రం ఉంచుకోమన్నారు. ఆ ఖాళీ ఇంటి పక్కన నేను ఇంకో ఏడాది ఉన్నాను. దొడ్డివైపు తలుపుకి మేకు కొట్టేశాను. చర్చికి వెళితే చాప మీద నాకు అటూ ఇటూ జాగా ఖాళీగా ఉండేది. ఒక పెద్దాయన మొహం మీదే అడిగాడు. "మనవాళ్ల పొట్టకొట్టావు. నీకు గది ఇచ్చింది ఎవరమ్మా, గేదెలవాళ్లా?"

గేదెలావిడ దగ్గరికి అంతకుముందే వెళ్లి చెప్పాను. "విషం బురదలో ఉందండి. సీసం. నేను పైనీళ్లే చూశాను, బురద పారబోశాను. తప్పు నాది." ఆవిడ పాలచెంబు తోముతూ ఆగింది. "ఎవరు పోశారు?" అంది. కావాలని ఎవరూ పొయ్యలేదన్నాను. ఆవిడ రోడ్డవతల రేకుల కప్పు వైపు చూసి, లోపలికి వెళ్లిపోయింది. మిగిలిన ఒక్క గేదెకీ బావి నీళ్లే తోడిపోసేది. నాకు పాలు పొయ్యడం మానేసింది. దారిలో ఎదురైతే తల తిప్పుకునేది.

పంచాయతీ ఆఫీసుకి ఒక కాగితం రాసిచ్చాను, ఆ గుంటలో పశువుల్ని దించొద్దనీ, మట్టి ముట్టుకోవద్దనీ. పుచ్చుకున్నారు. ఆ తర్వాత దాని ఊసు లేదు. ఆ ఏడాదంతా నేను క్లాసుల్లో తప్ప గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. పొద్దున కాలేజీ, సాయంత్రం గది. ఉత్తరాలు రాద్దామంటే అక్క తప్ప ఎవరున్నారు? ఆమెకి ఇవన్నీ రాసి ఏం లాభం? బాగున్నానని రాసేదాన్ని.

రెండో ఏడు ఎండాకాలానికి గుంట పూర్తిగా ఎండిపోయింది. పరీక్షలు జరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంటికి వస్తున్నాను. గుంట దగ్గర మూడు ఎడ్లబళ్లు, ఒక ట్రాక్టరు. పారలతో అడుగు మట్టి తవ్వి ఎత్తుతున్నారు. మా వైపు వేసవిలో అందరూ చేసే పనే అది. చెరువుల్లో, గుంటల్లో పేరుకున్న మట్టి తోలి చేలల్లో వేస్తే మిరప బాగా కాస్తుంది. కాలవ వెంట ఏళ్లతరబడి దిగివచ్చి అడుగున పడుకున్న సీసం ఇప్పుడు బళ్లెక్కి ఊరి చేలన్నిటికీ వెళ్లబోతోంది.

పరిగెత్తాను. అంతమంది మగవాళ్ల మధ్యకి వెళ్లి అలా అరవడం నా జన్మలో అదొక్కసారే. "ఆపండి! ఆ మట్టి తోలొద్దు!"

"ఏందమ్మా?" అన్నాడు ట్రాక్టరు మీదున్నాయన.

చెప్పాను. ఊపిరందక సగం సగం చెప్పాను. ఒకాయన నవ్వాడు. "గుంట మట్టి కంటే బలమైన ఎరువుందా టీచరమ్మా? మా తాతల్నాటినుంచీ తోలుతున్నాం." ఇంకొకాయన, "పోయినేడు నీళ్లు మంచివని చెప్పింది ఈమే గదరా," అన్నాడు. అందరూ మళ్లీ పారలు పట్టుకున్నారు.

అప్పుడు పెద్దమ్మగారు వచ్చింది. ఇంట్లోంచి అంతా విన్నట్టుంది. చీరకొంగు నడుముకి దోపుకుని, నేరుగా వచ్చి మొదటి బండి ఎడ్ల ముందు నిలబడింది.

"ఒరేయ్, నా గొడ్లు మూడు పోయినయ్యి ఈ బురదలో. మీరందరూ వచ్చి చూశారు. ఆ మట్టి మిరపకి తోలతారా? ఆ కాయలు మీ పిల్లలు తినరా?"

"అది కాదత్తా, ఈమె మాట..."

"ఆమె మాట సంగతి నీకెందుకురా. నా గొడ్ల మాట విను. దింపు."

ఆవిడ పక్కకి జరగలేదు. ఎండలో అరగంట అలాగే నిలబడింది. చివరికి బండి ఆయన తిట్టుకుంటూ మట్టి దింపాడు, వెనక మిగతావాళ్లూ దింపారు. అంతకుముందే రెండు బళ్ల మట్టి ఒక చేలోకి వెళ్లిపోయింది. పెద్దమ్మగారు దాన్నీ వదల్లేదు. వెంటపడి, ఆ మట్టి ఎత్తించి వెనక్కి తెప్పించింది.

ప్రెసిడెంటు వచ్చి, మరి ఈ మట్టినేం చెయ్యమంటావని నన్నడిగాడు. కదిలించకండి, ఉన్నచోటే ఉంచి పైన మంచి మట్టి కప్పించండి, కాలవ నీళ్లు ఇటు రాకుండా మళ్లించండి అన్నాను. "అలా చేస్తే సరిపోతుందా? కచ్చితమేనా?" అన్నాడు.

"నాకు తెలిసినంతలో ఇదేనండి. కచ్చితంగా చెప్పలేను," అన్నాను. పోయినేడు ఈ మాటే అని ఉంటే బాగుండేది.

నాలుగు వారాల్లో రోడ్డు పనికి తెచ్చిన గ్రావెలు పోసి గుంట పూడ్చేశారు. మా ఇంటి వెనక దొడ్డి మాత్రం అలాగే ఉండిపోయింది. దాని సంగతెవరూ అడగలేదు, నేను చెప్పినా విన్నవాళ్లు లేరు. గుంట పూడ్చడం పూర్తయిన రోజు పెద్దమ్మగారు గట్టుమీద కూర్చుని చూస్తోంది. నేను కాస్త దూరంలో నిలబడ్డాను.

"తప్పు నాదని నువ్వే వచ్చి చెప్పావు. అది నేను మర్చిపోలేదు," అంది నావైపు చూడకుండా. "ముందు మంచివన్నావు. అదీ మర్చిపోలేదు."

అంతే. లేచి, దుమ్ము దులుపుకుని ఇంట్లోకి వెళ్లింది. ఆ జూన్‌లో నాకు ఒంగోల్లో ఉద్యోగం వచ్చింది. ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది. పొద్దున్నే మొదటి బస్సెక్కాను.

అయిదారేళ్ల తర్వాత చిలకలూరిపేట బస్టాండులో వదిన కనపడింది. ముందు తనే గుర్తుపట్టింది. పక్కన పొడుగ్గా ఎదిగిన ఆడపిల్ల. నేను పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్ల తల్లి వెనక్కి జరిగి, ఎవరన్నట్టు చూసింది. మూడో క్లాసులో ఉందట. రెండుసార్లు తప్పిందట. "లెక్కలు రావు. కుట్టుపని బాగా చేస్తుంది," అంది వదిన. అన్నయ్యగారి చెయ్యి చాలావరకు వచ్చింది, చీరాల దగ్గర ఒక కలప అడితిలో కాపలా ఉంటున్నాడు. "నీ మాట వస్తే ఆయన ఏమీ అనడు. నేనే అంటుంటాను, అప్పుడప్పుడూ," అంది.

"ఏమంటావు వదినా?"

ఆమె నవ్వింది గానీ చెప్పలేదు. ఈలోగా వాళ్ల బస్సు వచ్చింది. జనం ఒకేసారి తోసుకుంటూ ఎక్కుతున్నారు. పిల్లని ముందు ఎక్కించి, తనూ ఎక్కి, కిటికీ దగ్గర సీటు దొరకబుచ్చుకుంది. ఎక్కడ ఉంటున్నావని తను అడగలేదు. అడిగితే చెబుదామని నేను కిటికీ కిందే నిలబడ్డాను. బస్సు కదిలింది. ఒంగోలు బస్సుకి ఇంకా గంట టైముంది.